నల్లరేగడి మీద 30 ఎంఎస్‌ఏ రోడ్డు: ఐఐటీపేవ్‌లో 120 మి.మీ. తారు సరిపోతోందని వస్తోంది, నమ్మొచ్చా?

ఆదోని_రోడ్లు:

కర్నూలు జిల్లాలో ఆదోని వైపు ఒక రాష్ట్ర రహదారి డిజైన్ చేస్తున్నాం. రెండు వరుసల రోడ్డు, డిజైన్ ట్రాఫిక్ 30 ఎంఎస్‌ఏ (మూడు కోట్ల ప్రామాణిక యాక్సిళ్లు), రిలయబిలిటీ 90 శాతం. నేల అంతా నల్లరేగడి, నానబెట్టిన సీబీఆర్ (నేల బలం కొలత) 2 శాతం. దాని మీద 500 మి.మీ. ఎర్ర గ్రావెల్‌తో సబ్‌గ్రేడ్ (రోడ్డు పొరల కింద పునాది మట్టి) వేస్తాం. ఆ గ్రావెల్ సీబీఆర్ 10.

ఐఐటీపేవ్‌కు (రోడ్డు పొరల్లో స్ట్రెయిన్, అంటే సాగుడు, లెక్కించే ప్రోగ్రామ్) నేనిచ్చినవి ఇవీ: తారు పొర 120 మి.మీ. (పైన బీసీ 40, కింద డీబీఎం 80; రెండూ తారు మిక్స్‌లే), తారు రకం వీజీ-40, మాడ్యులస్ (గట్టితనం) 3000 ఎంపీఏ. డబ్ల్యూఎంఎం (తారు కింది కంకర పొర) 250 మి.మీ., 401 ఎంపీఏ. జీఎస్‌బీ (దాని కింది కంకర పొర) 200 మి.మీ., 167 ఎంపీఏ. సబ్‌గ్రేడ్ 77 ఎంపీఏ. పాయిసన్ రేషియో (ఒకవైపు నొక్కితే పక్కకు ఎంత ఉబ్బుతుందో) అన్నిటికీ 0.35. చక్రం లోడు 20000 న్యూటన్లు, టైరు ప్రెజర్ 0.56, డ్యూయల్ వీల్.

తారు పొర అడుగున టెన్సైల్ స్ట్రెయిన్ 212 మైక్రోస్ట్రెయిన్ (పది లక్షల్లో 212 వంతులు) దగ్గర వచ్చింది. ఫెటీగ్ (పదేపదే లోడు పడి పగలడం) సమీకరణం ప్రకారం 219 వరకు పోవచ్చు కాబట్టి పాస్. సబ్‌గ్రేడ్ మీద 416 వరకు పోవచ్చు, అక్కడ బోలెడంత మిగిలింది. కానీ ఐఆర్‌సీ:37-2018 (తారు రోడ్ల డిజైన్ కోడ్) ప్లేట్లు, అంటే సిద్ధంగా మందాలు ఇచ్చిన క్యాటలాగ్, చూస్తే తక్కువ సీబీఆర్‌కు ఇంతకంటే మందం ఎక్కువే చూపిస్తున్నాయి. ఎక్కడ తేడా వస్తోంది? లేయర్డ్ ఎలాస్టిక్ లెక్క కాబట్టి క్యాటలాగ్ కంటే ఖచ్చితంగా వచ్చిందనుకోవచ్చా?

పొరల_లెక్క (కడప):

అనుకోకూడదు సార్. ప్లేట్లు కూడా ఇదే ఐఐటీపేవ్‌తో, ఇదే సిద్ధాంతంతో తయారైనవే. తేడా వచ్చిందంటే ఇచ్చిన అంకెల్లోనే వచ్చింది. మీ అంకెల్లో రెండు తప్పులున్నాయి, రెండూ రోడ్డును పలచన చేసేవే.

మొదటిది 401. అదెలా వచ్చిందో వెనక్కి లెక్కేస్తే తెలుస్తోంది. కంకర పొర మాడ్యులస్‌కు ఐఆర్‌సీ ఇచ్చిన సూత్రం 0.2 × మందం^0.45 × కింది పొర మాడ్యులస్, మందం మి.మీ.ల్లో. మీరు ముందు జీఎస్‌బీకి వాడారు: 200^0.45 అంటే 10.85, దాన్ని 0.2తో హెచ్చిస్తే 2.17, 77తో హెచ్చిస్తే 167. తర్వాత ఆ 167ను కింది పొరగా పెట్టుకుని డబ్ల్యూఎంఎంకు మళ్లీ వాడారు: 2.4 × 167 = 401. సూత్రం రెండుసార్లు ఎక్కింది. జీఎస్‌బీ మీద డబ్ల్యూఎంఎం ఉన్నప్పుడు రెండూ కలిపి ఒకే పొర. మందం 450, 450^0.45 = 15.63, ఐదో వంతు తీసుకుంటే 3.13. సబ్‌గ్రేడ్ మాడ్యులస్‌కు 3.13 రెట్లు, అంతే.

ఇది కేవలం కోడ్ నియమమని వదిలేయొద్దు, దీనికి కారణం ఉంది. లీనియర్ ఎలాస్టిక్ లెక్కకు కంకర, ఉక్కు, తారు అన్నీ ఒకటే. మెత్తటి పొర మీద గట్టి పొర పెట్టి లోడు వేస్తే గట్టి పొర అడుగున టెన్షన్ చూపిస్తుంది. కానీ విడి కంకర రాళ్లు టెన్షన్ మోయవు, విడిపోతాయి. అందుకే నిజం రోడ్డులో కంకర పొర తన కింది పొర కంటే ఒక హద్దు దాటి గట్టిగా ఉండలేదు. రోలర్ ఎన్ని పాస్‌లు తిప్పినా, కింద మెత్తగా ఉంటే పైన కంకర బిగుసుకోదు. మందం మీద ఆ 0.45 ఘాతం ఈ హద్దును లెక్కలోకి తెచ్చేందుకే. మీ 401తో ప్రోగ్రామ్ చెప్పకుండానే కంకరకు లేని బలం ఇచ్చింది, ఆ మేరకు తారు పొర మీద స్ట్రెయిన్ తగ్గినట్టు చూపించింది.

రెండోది 77. 17.6 × 10^0.64 = 76.8, ఆ లెక్క సరైనదే. కానీ అది గ్రావెల్ ఒక్కదానిది. బర్మిస్టర్ 1943లో రెండు పొరలకు, 1945లో మూడు పొరలకు ఇచ్చిన పరిష్కారంలోనే అన్నిటికంటే కింది పొర అడుగులేనంత లోతుంటుందనే షరతు ఉంది. మీరు చివరి పొరకు 77 ఇస్తే, ఆదోని కింద పాతాళం దాకా సీబీఆర్ 10 గ్రావెలే ఉందని ప్రోగ్రామ్ నమ్మింది. అక్కడున్నది అర మీటరు గ్రావెల్, దాని కింద నల్లరేగడి.

నల్లమట్టి:

పై సార్ చెప్పిన రెండోదానికి లెక్క ఎలా చేయాలో రాస్తాను. దీన్ని ఎఫెక్టివ్ సబ్‌గ్రేడ్ సీబీఆర్ అంటారు, ఐఐటీపేవ్‌లోనే చేయొచ్చు.

రెండే పొరలు పెట్టండి. పైన గ్రావెల్ 500 మి.మీ., 76.8 ఎంపీఏ. కింద నల్లరేగడి: సీబీఆర్ 5 లేదా అంతకు తక్కువైతే మాడ్యులస్ అంటే 10 × సీబీఆర్, కాబట్టి 20 ఎంపీఏ. 17.6 సూత్రం సీబీఆర్ 5 దాటాకే వాడాలి. ఇక్కడ డ్యూయల్ వీల్ వద్దు, సింగిల్ వీల్ 40000 న్యూటన్లు, ప్రెజర్ 0.56. అప్పుడు వృత్తం వ్యాసార్థం 150.8 మి.మీ. వస్తుంది. లోతు 0, దూరం 0 దగ్గర నిలువు డిఫ్లెక్షన్ తీసుకోండి.

ఆ డిఫ్లెక్షన్‌ను ఒకే పొర ఉన్న నేల సూత్రంలో తిరిగి పెట్టాలి: మాడ్యులస్ = 2 × (1 − 0.35²) × 0.56 × 150.8 ÷ డిఫ్లెక్షన్. పైన ఉన్నవన్నీ హెచ్చిస్తే 148.2. మీ పొరలకు డిఫ్లెక్షన్ 2.8 మి.మీ. దగ్గర రావాలి. 148.2 ÷ 2.8 = 53 ఎంపీఏ. సీబీఆర్‌లోకి మార్చుకుంటే 5.6. అంటే మీ సబ్‌గ్రేడ్ 10 కాదు, సుమారు ఐదున్నర.

గ్రావెల్‌కు ఆ 10 ఎలా వచ్చిందో కూడా ఒకసారి చూడండి. హెవీ కాంపాక్షన్‌లో గరిష్ట డ్రై డెన్సిటీకి 97 శాతం దగ్గర అచ్చులో పోసి, నాలుగు రోజులు నానబెట్టి చేసిందా, లేక 100 శాతం దగ్గర చేసిందా? సైట్‌లో 97 పట్టించి ల్యాబ్‌లో 100 మీద సీబీఆర్ తీస్తే కాగితం మీద నేల వేరు, రోలర్ కింద నేల వేరు. ఇక్కడి ఎర్ర గ్రావెల్‌లో మెత్తటి మన్ను ఎక్కువుంటే నానగానే సీబీఆర్ పడిపోతుంది. ఒక్క క్వారీ నుంచి ఒక్క శాంపిల్ సరిపోదు. గుంట లోతు పెరిగేకొద్దీ మట్టి మారుతుంది.

ఇంకొకటి, ఇది లెక్కలో ఎక్కడా కనపడదు. లేయర్డ్ ఎలాస్టిక్ సిద్ధాంతానికి చక్రం బరువు తప్ప ఇంకేమీ తెలియదు. నల్లరేగడి వానకు ఉబ్బడం, వేసవిలో అరచెయ్యి పట్టేంత బీటలు తీయడం దానికి పట్టవు. ఈ నేలలో రోడ్డు అంచుకు అడుగు రెండడుగుల లోపల పొడవునా వచ్చే పగుళ్లు ఎక్కువగా అవే. భుజం (తారు పక్కనున్న రోడ్డు అంచు) కింద మట్టి ఎండుతుంది, రోడ్డు మధ్యలో కింద మట్టి తేమగానే ఉంటుంది, రెండిటి మధ్యా రోడ్డు చీలుతుంది. దానికి తారు మందం పెంచితే డబ్బు పోవడమే. ఫ్రీ స్వెల్ ఇండెక్స్ (మట్టి నీళ్లలో ఎంత ఉబ్బుతుందో) తీయించండి, 50 శాతం దాటితే ఆ మట్టిని కట్టలో వాడనే కూడదు. గ్రావెల్‌ను క్యారేజ్‌వే వరకే ఆపకుండా భుజాల కింద కూడా పరవండి. జీఎస్‌బీ డ్రైనేజీ పొరను భుజం దాటి వాలు దాకా తీసి నీళ్లు బయటికి వదలాలి. భుజం కింద మట్టితో దాన్ని మూసేస్తే ఆ జీఎస్‌బీ తొట్టి అవుతుంది.

ఆదోని_రోడ్లు:

ఇద్దరికీ ధన్యవాదాలు. మళ్లీ నడిపాను. కంకర ఒకే పొర, 450 మి.మీ., 166 ఎంపీఏ. సబ్‌గ్రేడ్ 53. అదే 120 మి.మీ. తారుకు టెన్సైల్ స్ట్రెయిన్ 212 నుంచి సుమారు 285కు పోయింది. ఫెటీగ్ సమీకరణంలో పెడితే 30 ఎంఎస్‌ఏ రోడ్డు 11 దగ్గర ఆగిపోతోంది. తారు 150 మి.మీ. చేస్తే 214 దగ్గర వస్తోంది. బీసీ 40, డీబీఎం 110.

రెండు సందేహాలు. ఒకటి, అవుట్‌పుట్‌లో ఒకే లోతుకు రెండు వరుసలు వస్తున్నాయి, ఒకదాని పక్కన ఎల్ అక్షరం ఉంది. ఏది తీసుకోవాలి? రెండు, 219కి 214 చాలా దగ్గర కదా, ఈ 5 మైక్రోస్ట్రెయిన్ తేడాను నమ్ముకోవచ్చా?

పొరల_లెక్క (కడప):

ఎల్ ఉన్న వరుస రెండు పొరలు కలిసే హద్దుకు కింది పొరలోది, లేనిది పై పొరలోది. తారు పొర అడుగున టెన్సైల్ స్ట్రెయిన్‌కు ఎల్ లేని వరుస తీసుకోవాలి, అందులో ఎపిటి, ఎపిఆర్ (రెండు అడ్డ దిశల స్ట్రెయిన్లు) రెండిట్లో ఏది పెద్దదైతే అది. సబ్‌గ్రేడ్ మీద నిలువు స్ట్రెయిన్‌కు ఎల్ ఉన్న వరుసలో ఎపిజెడ్. ఇక్కడ పొరపాటున ఎల్ లేనిది తీసుకుంటే అది జీఎస్‌బీ అడుగు స్ట్రెయిన్, చాలా తక్కువ చూపిస్తుంది. ప్లస్ గుర్తు టెన్షన్, మైనస్ కంప్రెషన్. రెండు లోతుల దగ్గరా దూరం 0, 155 రెండూ ఇవ్వండి. చక్రాల మధ్య దూరం 310 కాబట్టి 155 అంటే రెండు టైర్ల నడిమి చోటు. ఎక్కడ ఎక్కువొస్తే అదే క్రిటికల్.

అసలు మీ ప్రాజెక్టు పెట్టక ముందు ఐఆర్‌సీ:37-2018 అనుబంధంలో చేసి చూపిన ఉదాహరణ నడపండి. 131 ఎంఎస్‌ఏ, సబ్‌గ్రేడ్ సీబీఆర్ 7 (62 ఎంపీఏ), కంకర 480 మి.మీ., తారు 190 మి.మీ. టెన్సైల్ స్ట్రెయిన్ 146, నిలువు స్ట్రెయిన్ 243 రావాలి. హద్దులు 150, 301. మీ స్క్రీన్ మీద ఇవి రాలేదంటే ఏదో యూనిట్టో, పాయింటో తప్పు పెడుతున్నట్టే. పది నిమిషాల పని.

రెండో సందేహానికి: స్ట్రెయిన్‌కు ఘాతం 3.89. స్ట్రెయిన్ 5 శాతం పెరిగితే ఫెటీగ్ ఆయుష్షు 17 శాతం పోతుంది, 10 శాతం పెరిగితే 31 శాతం పోతుంది. కాబట్టి 214, 219 తేడా సైట్‌లో తారు మందం రెండు మూడు మి.మీ. తగ్గితే చాలు, కరిగిపోతుంది. లెవెల్ తేడాల్లోనే అంత పోతుంది. కోర్ కటింగ్‌లో (వేసిన రోడ్డులోంచి గుండ్రటి ముక్క తీసి చూడటంలో) మందం సగటు ఒక్కటే చూడకండి, తక్కువొచ్చిన కోర్‌లు ఎన్నో చూడండి. డీబీఎం 110ను 55 చొప్పున రెండు పొరలుగా వేయిస్తారు కాబట్టి అక్కడే పట్టుకోవచ్చు.

మిక్స్‌డిజైన్_అనంత:

219 అన్నారు కదా, ఆ అంకె ఏ మిక్స్‌కు వచ్చిందో గమనించారా? అందరూ స్ట్రెయిన్ దగ్గర జాగ్రత్త పడతారు, హద్దు దగ్గర పడరు. నాకు ఇదే అన్నిటికంటే ఎక్కువ బాధగా ఉంటుంది.

ఫెటీగ్ సమీకరణంలో సి అనే గుణకం ఉంది. సి = 10^ఎం. ఎం = 4.84 × (బైండర్ వాల్యూమ్ ÷ (ఎయిర్ వాయిడ్స్ + బైండర్ వాల్యూమ్) − 0.69). మీరు వాయిడ్స్ (మిక్స్‌లో గాలి ఖాళీలు) 3 శాతం, ఎఫెక్టివ్ బైండర్ 11.5 శాతం పెట్టి ఉంటారు, అప్పుడే 3000 ఎంపీఏకు 219 వస్తుంది. సి అక్కడ 3.16. ఇప్పుడు అడుగు డీబీఎం మామూలు మిక్స్ అనుకోండి: వాయిడ్స్ 4.5, బైండర్ 10.5. సి 1.12కి పడిపోతుంది. అదే స్ట్రెయిన్ మీద ఆయుష్షు 35 శాతమే. లేదా 30 ఎంఎస్‌ఏ కావాలంటే హద్దు 219 కాదు, 168. మీ 150 మి.మీ. అప్పుడు చాలదు.

కాబట్టి డిజైన్ రిపోర్టులో 3, 11.5 రాస్తే అడుగు డీబీఎం జాబ్ మిక్స్ ఫార్ములాలో (జేఎంఎఫ్, ప్లాంటులో కలిపే పాళ్లు) కూడా అవే ఉండాలి. ప్లాంటుకు ఇచ్చే జేఎంఎఫ్‌లో వాయిడ్స్ మీద ఒక్క లైను రాయించకపోతే ఎవరూ పట్టించుకోరు. బైండర్ వాల్యూమ్ అంటే బరువు శాతం కాదని కూడా చెప్పాలి, రాయి పీల్చుకున్నది పోగా మిగిలిన తారు ఘనపరిమాణం. నీళ్లు ఎక్కువ పీల్చే కంకరైతే తారు కూడా ఎక్కువ పీలుస్తుంది. 

ఇక పొరల మధ్య అతుకు. ఈ సిద్ధాంతంలో అన్ని పొరలూ పూర్తిగా అంటుకుని ఉన్నాయనే లెక్క. బీసీ 40, డీబీఎం 55, మళ్లీ 55: ఈ మూడూ కలిసి 150 మి.మీ. ఒకే పలకలా వంగితేనే మీ 214. అంటుకోకపోతే మూడు పలచని పలకలు వేర్వేరుగా వంగుతాయి, అడుగు డీబీఎం అడుగునే కాదు, ప్రతి పొర అడుగునా టెన్షన్ వస్తుంది. పగులు పైనుంచి బీసీలో మొదలవుతుంది, బ్రేకులు పడే చోట, మలుపుల్లో అర్ధచంద్రాకారంలో జారిన గుర్తులు కనిపిస్తాయి. టాక్ కోట్ (పొరలను అతికించే తారు ఎమల్షన్ పూత) తారు మీద చదరపు మీటరుకు 0.20 నుంచి 0.30 కిలోలు, ఎమల్షన్ గోధుమ రంగు పోయి నల్లబడ్డాకే పైపొర. డబ్ల్యూఎంఎం మీద ప్రైమ్ కోట్ (కంకర మీద కొట్టే మొదటి పూత) 0.7 నుంచి 1.0 కిలో. ఈ జిల్లాల్లో గాలికి దుమ్ము ఎంత లేస్తుందో తెలిసిందే. మధ్యాహ్నం టాక్ కోట్ కొట్టి సాయంత్రం దాకా వదిలితే టాక్ కోట్ మీద దుమ్ము పరుచుకుంటుంది, ఆపైన టిప్పర్ టైర్లు దాన్ని ఎత్తుకుపోతాయి. అరచేత్తో ఒకసారి తుడిచి చూస్తే పొడి అంటుకుంటుందో లేదో తెలుస్తుంది. పేవర్ ముందు కొట్టినంతే కొట్టించండి. తర్వాత కోర్ తీసినప్పుడు పొరలు చేతిలో విడిపోతే ఆ లాట్‌లో టాక్ కోట్ పని చేయలేదనే అర్థం.

ఉష్ణోగ్రత గురించి ఒక మాట. 3000 ఎంపీఏ 35 డిగ్రీల దగ్గరిది. 40 డిగ్రీలకు వీజీ-40 పట్టికలో 2000, వీజీ-30 అయితే 35 దగ్గరే 2000, 40 దగ్గర 1250. డిజైన్‌కు 35నే వాడాలి, అది ఏడాది సగటు రోడ్డు ఉష్ణోగ్రత. కాకపోతే ప్లాంటులో వీజీ-30 వాడుతూ లెక్కలో 3000 పెట్టిన రిపోర్టులున్నాయి. అలా చేయకండి.

యాక్సిల్_లోడ్:

30 ఎంఎస్‌ఏ ఎలా వచ్చింది సార్? యాక్సిల్ లోడ్ సర్వే చేశారా, పట్టికలో వీడీఎఫ్ (ఒక్కో లారీ ఎన్ని ప్రామాణిక యాక్సిళ్లకు సమానమో చెప్పే గుణకం) తీసుకున్నారా?

అడగడానికి కారణం ఉంది. రోజుకు 1500 దాటిన కమర్షియల్ వాహనాలకు మైదాన ప్రాంతంలో పట్టిక విలువ 5.0, 150 నుంచి 1500 వరకు 3.9. 2018లో కేంద్రం యాక్సిల్ పరిమితులు పెంచింది: ముందు యాక్సిల్ 7.5 టన్నులకు, వెనక ట్యాండమ్ (జంట యాక్సిల్) 19 నుంచి 21కి. మూడు యాక్సిళ్ల లారీ 28.5 టన్నులతో చట్టప్రకారమే పోతే కిలోన్యూటన్లలో, ప్రామాణిక బరువుతో భాగిస్తే, ముందు యాక్సిల్ (73.6 ÷ 65)^4 = 1.64, వెనక ట్యాండమ్ (206 ÷ 148)^4 = 3.75. మొత్తం 5.4. ఒక్క కిలో ఓవర్‌లోడ్ లేకుండానే పట్టికను దాటేసింది. ఎర్రగుంట్ల సిమెంటు, బేతంచెర్ల బండలు మోసే లారీలు ఖాళీగా ఒకవైపు, నిండుగా ఒకవైపు పోతాయి. రెండు వైపులా సగటు తీస్తే నిజం దాగిపోతుంది. దిశలవారీగా తూకం వేయించి, ఎక్కువొచ్చిన వైపు వీడీఎఫ్ వాడాలి. వాహనాల సంఖ్యలో ఐదు శాతం తప్పు కంటే వీడీఎఫ్‌లో తప్పు ఎన్నో రెట్లు పెద్దది.

ఆదోని_రోడ్లు:

సర్వే ఉంది, రెండు దిశలకూ వేరుగానే ఉంది. కానీ అడుగు డీబీఎం జేఎంఎఫ్‌లో వాయిడ్స్ 4 అని ఉంది, దాన్ని మార్పించాలి. ఇంకొక ప్రశ్న: తారు తగ్గించడానికి డబ్ల్యూఎంఎం బదులు సిమెంట్ ట్రీటెడ్ బేస్ వేద్దామని పై నుంచి సూచన. 150 మి.మీ. సీటీబీ, 5000 ఎంపీఏ. ఇప్పుడు చేసిన లెక్కలోనే ఆ అంకె మారిస్తే చాలా?

పొరల_లెక్క (కడప):

చాలదు. సీటీబీ పాయిసన్ రేషియో 0.25. సీటీబీకి, తారుకు మధ్య 100 మి.మీ. కంకర పొర, 450 ఎంపీఏ, అది పెట్టకపోతే సిమెంటు పగులు నేరుగా తారులోకి ఎక్కుతుంది. మూడో చెక్ కూడా వస్తుంది: సీటీబీ అడుగున టెన్సైల్ స్ట్రెయిన్. ఈ చెక్‌కు టైరు ప్రెజర్ 0.56 కాదు, 0.80.

5000 ఎంపీఏకు సమీకరణం (311 ÷ స్ట్రెయిన్)^12 దగ్గర తేలుతుంది. 30 ఎంఎస్‌ఏకు స్ట్రెయిన్ 74 మైక్రోస్ట్రెయిన్ దాటకూడదు. ఆ 12 ఘాతం చూడండి. తారుకు 10 శాతం ఎక్కువ స్ట్రెయిన్ అంటే ఆయుష్షులో మూడో వంతు పోవడం. సీటీబీకి 10 శాతం ఎక్కువంటే 1.1^12, నష్టం మూడు రెట్లు దాటుతుంది. కాబట్టి సీటీబీకి ఎంఎస్‌ఏ ఒక్కటే చాలదు. సర్వేలోని యాక్సిళ్లను బరువుల వారీగా తరగతులు చేసి, ఒక్కో తరగతికి స్ట్రెయిన్ తీసి, వచ్చే యాక్సిళ్ల సంఖ్యను భరించే సంఖ్యతో భాగించి, అన్నీ కూడితే 1 దాటకూడదు. మీ దగ్గర సర్వే ఉంది కాబట్టి ఇది చేయగలరు. నాలుగు శాతం లారీలు బాగా ఓవర్‌లోడ్ అయితే కూడికలో ఆ నాలుగు శాతమే దాదాపు అంతా తినేయడం మీకే కనిపిస్తుంది.

నల్లరేగడి మీద సీటీబీ వేసే ముందు నల్లమట్టి గారు చెప్పిన ఫ్రీ స్వెల్ రిపోర్టు చేతిలో ఉండాలి. కింద నేల కదిలితే తారు కాస్త వంగుతుంది, సీటీబీ వంగదు, విరుగుతుంది. రిపోర్టు వచ్చాక ఆ అంకె, యాక్సిల్ తరగతుల పట్టిక ఇక్కడ పెట్టండి, సీటీబీ మందం 150 చాలుతుందో లేదో చూద్దాం.